పాత హైస్కూలు బ్యాచ్ గ్రూపు ఏడాది తిరక్కుండానే మూగబోయింది, ఏం చేయాలి?

వెనకబెంచీ అడిగిన ప్రశ్న:

హైస్కూలు బ్యాచ్‌లో మొత్తం 84 మంది. అందరూ అరవై దాటినవాళ్లే. వాట్సాప్ గ్రూపులో 51 మంది ఉన్నారు, ఆరుగురు పోయారని తెలుసు, మిగతా 27 మంది జాడ లేదు. ఆ జాడ లేనివాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. అందరూ ఒకసారి కలిశాక గ్రూపు రెండు నెలలు కళకళలాడింది. ఇప్పుడు పొద్దున్నే నలుగురు పెట్టే శుభోదయం బొమ్మలు, ఇద్దరు చేసుకునే రాజకీయ వాగ్వాదం తప్ప ఏమీ మిగల్లేదు. కొందరు చెప్పాపెట్టకుండా బయటికి వెళ్లిపోతున్నారు. ముగ్గురు నలుగురికి స్మార్ట్‌ఫోనే లేదు. వేరే దేశాల్లో ఉన్నవాళ్లతో టైము కుదరదు.

మళ్లీ ఇంకోసారి కలవడం ఎలా అన్నది కాదు ప్రశ్న. మరో పది పదిహేనేళ్లు ఈ పరిచయాలు నిలవాలంటే ఏ ఏర్పాటు చేసుకోవాలి? ఇలాంటివి నడిపినవాళ్లు వివరంగా చెప్పండి. "మనసుంటే మార్గముంటుంది" లాంటివి వద్దు, దండం పెడతాను.

హాజరుపట్టీ:

గ్రూపు సంగతి తర్వాత చూద్దాం. ముందు జాబితా. చాలా బ్యాచ్‌లు ఇక్కడే తప్పటడుగు వేస్తాయి. గ్రూపే జాబితా అనుకుంటారు. గ్రూపులోంచి ఒకరు వెళ్లిపోగానే ఆ మనిషి నంబరు నలుగురి ఫోన్లలో తప్ప ఎక్కడా ఉండదు.

ఒక షీట్ తయారు చేయండి. 84 పేర్లూ అందులో ఉండాలి, దొరకనివాళ్లవీ, పోయినవాళ్లవీ కూడా. గడులు ఇవి చాలు: స్కూల్లో ఉన్నప్పటి పేరు, ఇప్పటి పేరు, సెక్షన్, ఫోను, ఇంట్లో ఇంకొకరి ఫోను, ఉండే ఊరు, ఎలా పలకరిస్తే ఇష్టం (ఫోనా, మెసేజా, ఉత్తరమా), చివరగా ఎవరు ఎప్పుడు మాట్లాడారు. ఈ చివరి గడే అన్నిటికన్నా ముఖ్యం, అందరూ వదిలేసేదీ అదే. ఆరు నెలలుగా ఎవరూ పలకరించని పేర్లు దాని మీద క్రమంలో పెడితే ఇట్టే పైకి వస్తాయి.

ఇంట్లో ఇంకొకరి నంబరు ఇప్పుడే తీసుకోండి. జబ్బు చేశాక అడగడం ఇబ్బంది, పోయాక అడగడానికి దారే ఉండదు. షీట్‌ను మార్చే హక్కు ముగ్గురికే ఇవ్వండి. మిగతావాళ్లకు పేరు, ఊరు, ఫోను ఉన్న ప్రతి మాత్రమే, అదీ ఒప్పుకున్నవాళ్ల వివరాలతో. "లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు" అన్న అమరికతో పంపారంటే ఆ లింకు ఏ చేతికి పోతుందో మీ అదుపులో ఉండదు. 51 మంది పెద్దవాళ్ల నంబర్లు ఒక్కచోట దొరకడం మోసగాళ్లకు పండగే.

ఇక జాడ తెలియని 27 మంది. ఆడవాళ్లను స్కూలు నాటి ఇంటిపేరుతో వెతికితే దొరక్కపోవడం సహజం, పెళ్లయ్యాక అది మారి ఉండొచ్చు. వాళ్ల అన్నదమ్ముల పేర్లతో వెతకండి, మగవాళ్ల ఇంటిపేరు మారదు కాబట్టి ఫేస్‌బుక్‌లో తమ్ముడు దొరికితే అక్క దొరికినట్టే. ఒకటి రెండు తరగతులు ముందో వెనకో అదే స్కూల్లో చదివిన తోబుట్టువులు చాలా ఇళ్లలో ఉంటారు, కాబట్టి పక్క బ్యాచ్‌ల గ్రూపుల్లో అడగడం కూడా బాగా పనిచేస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో మన పేర్లకు ఒక్క స్పెల్లింగు ఉండదని మర్చిపోకండి. 'లక్ష్మి'ని కొందరు ఎక్స్ అక్షరంతో రాస్తారు, కొందరు కే, ఎస్, హెచ్‌లతో. 'త'ను టీ ఒక్కదానితో రాసేవాళ్లున్నారు, టీహెచ్‌తో రాసేవాళ్లున్నారు. ఒక్కో పేరును కనీసం మూడు నాలుగు విధాల కొట్టి చూడండి. స్కూలు ఆఫీసును అడ్రసు అడగకండి, ఇవ్వకూడదు కూడా. "ఈ ఉత్తరం వాళ్ల పాత చిరునామాకు మీరే పంపగలరా" అని మూసిన కవరు ఇస్తే ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

మనిషి దొరగ్గానే గ్రూపులో పడేయకండి. చేర్చిన క్షణంలో ఆ నంబరు 51 మందికీ కనిపిస్తుంది. మొదటి మెసేజులో మీ పేరు, సెక్షన్, ఏ సంవత్సరం బ్యాచ్, పక్కన కూర్చున్నది ఎవరు అన్నవి రాయండి. లింకు ఏదీ పెట్టకండి, లింకున్న మెసేజు కొత్త నంబరు నుంచి వస్తే ఎవరైనా మోసమనే అనుకుంటారు. ఒప్పుకున్నాక కూడా చేర్చలేకపోతే వాళ్లు తమ సెట్టింగుల్లో గ్రూపుల్లో చేర్చే హక్కు తమ కాంటాక్టులకే పరిమితం చేసుకుని ఉంటారు. అప్పుడు ఆహ్వానం విడిగా పంపాలి, దానికి మూడు రోజులే గడువు. పంపినట్టు ఫోనులో చెప్పకపోతే చూసుకునేలోపు గడువు దాటిపోతుంది.

రఫ్‌నోటు:

గ్రూపు మూగబోవడానికి కారణం మీ ప్రశ్నలోనే ఉంది. ఒకే గ్రూపు మీద మూడు పనులు పెట్టారు: కబురు చేరవేయడం, కబుర్లు చెప్పుకోవడం, వాదించుకోవడం. మూడోదాని రొద భరించలేక వెళ్లిపోయినవాళ్లకు మొదటిది కూడా అందదు. తోటివాడు పోయిన సంగతి నాలుగు నెలల తర్వాత తెలియడం ఇలాగే జరుగుతుంది.

రెండుగా విడదీయండి. మొదటిది కబురు గ్రూపు. గ్రూపు అనుమతుల్లో మెసేజులు పంపే హక్కు అడ్మిన్లకే ఇవ్వండి. నెలకు రెండు మూడు మెసేజులకు మించకూడదు: ఎవరి ఇంట్లో శుభకార్యం, ఎవరికి ఆరోగ్యం బాగాలేదు, ఎప్పుడు కలుస్తున్నారు, ఎవరి నంబరు మారింది. దీన్ని ఎవరూ మ్యూట్ చేయక్కర్లేదు, వెళ్లిపోవాల్సిన పనీ లేదు. రెండోది కబుర్ల గ్రూపు, ఇష్టమున్నవాళ్లకే. రాజకీయం మాట్లాడే ఇద్దరికీ మూడో గ్రూపు పెట్టి ఇవ్వండి. నవ్వులాటగా అనడం లేదు, వాదన అంటే ఇష్టపడేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఆరుగురైనా ఉంటారు. వాళ్లకంటూ ఒక చోటుంటే మిగతా చోట్ల ఊరుకుంటారు.

ఒకే మెసేజును అందరికీ విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాతో కబురు గ్రూపు పని జరుగుతుందని కొందరు అంటారు, జరగదు. మీ నంబరు తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజు వెళ్తుంది.

అడ్మిన్లు ముగ్గురుండాలి. ఒక్కరే ఉన్నప్పుడు ఆయన గ్రూపు వదిలి వెళ్తే వాట్సాప్ ఇంకొకరిని తనే అడ్మిన్ చేస్తుంది, ఆ చిక్కు లేదు. అసలు చిక్కు ఆయన వెళ్లకుండా ఫోను వాడటం మానేసినప్పుడు. జబ్బు పడితే, ఫోను పోతే, మనిషే పోతే, పేరుకు అడ్మిన్ అక్కడే ఉంటాడు. కొత్త అడ్మిన్‌ను చేసే హక్కు మరెవరికీ ఉండదు. కబురు గ్రూపులో ఇలా జరిగితే అది తాళం పడ్డ ఇల్లే, మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సి రావచ్చు.

ఫార్వర్డుల గురించి గ్రూపు వివరణలో ఒక్క వాక్యం రాయండి: "మనం తీసిన ఫోటో, మనం రాసిన మాట మాత్రమే." ఎవరైనా తప్పితే అడ్మిన్ ఆ మెసేజును అందరి ఫోన్లలోంచీ తీసేయవచ్చు. కానీ మందలింపు విడిగా ఫోనులో చెప్పండి. అరవై ఏళ్ల మనిషిని యాభై మంది ముందు మందలిస్తే ఆయనే కాదు, ఆయన పక్క బెంచీ మొత్తం వెళ్లిపోతుంది.

ఇంకో మాట. "అందరూ ఎలా ఉన్నారు?" అని గ్రూపులో అడిగితే ఎవరూ పలకరు, అందరినీ అడిగింది ఎవరినీ అడిగినట్టు కాదు. పాత గ్రూపు ఫోటోలో ఒక్క వరుసను కత్తిరించి పెట్టి, "ఎడమ నుంచి మూడో మనిషి పేరు బి సెక్షన్ వాళ్లు చెప్పండి" అనండి, పది నిమిషాల్లో చూడండి. పుట్టినరోజుకు మాత్రం గ్రూపులో ఏమీ వద్దు. నలభై కేకు బొమ్మలకన్నా నాలుగు ఫోన్లు మేలు. ఆ రోజు ఎవరు ఫోను చేయాలో షీట్ చూసి నలుగురికి గుర్తుచేస్తే సరిపోతుంది.

ట్రంక్‌కాల్:

పైన ఇద్దరూ చెప్పింది గోడలు కట్టడం. ఇంట్లో మనుషులు మసలాలంటే ఫోనే.

51 మందితో ఒక్కరు మాట్లాడటం అయ్యే పని కాదు. ఎనిమిదేసి మందిని ఒక్కో గుంపుగా చేయండి. ఒప్పుకున్నవాళ్లనే తీసుకోండి, సగం మంది ఒప్పుకున్నా మూడు ఎనిమిదులు తేలతాయి. ఎనిమిది పేర్లను నాలుగేసి చొప్పున రెండు వరుసల్లో ఎదురెదురుగా రాయండి. పైవాళ్లూ కిందివాళ్లూ ఆ నెల జతలు. వచ్చే నెల మొదటి పేరును కదపకుండా మిగతా ఏడింటినీ గడియారం ముల్లు తిరిగే దిక్కున ఒక్కో గడి జరపండి. ఏడు నెలల్లో ప్రతి ఒక్కరూ మిగతా ఏడుగురితోనూ ఒక్కోసారి మాట్లాడేస్తారు, మొత్తం 28 జతలు. ఏడుగురే ఉంటే ఎనిమిదో చోట 'సెలవు' అని రాసుకోండి. ఒక చుట్టు అయ్యాక గుంపులు కలిపి మళ్లీ పంచండి, లేకపోతే పాత ముఠాలే మిగులుతాయి.

ఇందులో చెడేది ఎక్కడంటే, ఎవరు ఫోను చేయాలో తేలకపోవడం. "వాడు చేస్తాడేమో" అని ఇద్దరూ కూర్చుంటారు. పై వరుసవాళ్లు చేయాలి అని ముందే రాసిపెట్టండి, పేర్లు జరిగేకొద్దీ వంతు మారుతుంది. కదలని మొదటి పేరు మాత్రం ఎప్పుడూ పైనే ఉంటుంది, అక్కడ ఫోను చేయడానికి బద్ధకించని మనిషిని పెట్టండి. ఎత్తకపోతే రెండుసార్లు ప్రయత్నించి, ఒక్క మెసేజు పెట్టి, మళ్లీ వంతు వచ్చేదాకా వదిలేయండి. కారణం అడక్కండి.

మొదటి ఫోను గంట నడుస్తుంది. మూడో ఫోనుకు సరుకు అయిపోతుంది. నడివయసు దాటినవాళ్లకు పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల మధ్య వయసు జ్ఞాపకాలే దట్టంగా ఉంటాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు గమనించారు. అందుకే స్కూలు కబుర్లు ధారగా వస్తాయి. కానీ ఎన్నిసార్లని ఆ టీచరు బెత్తం గురించే? ఇప్పటి సంగతి ఒకటి మధ్యలో ఉండాలి. చదువుతున్న పుస్తకం, పెంచుతున్న మొక్క, నేర్చుకుంటున్న యాప్, మోకాలి వ్యాయామం, ఏదైనా సరే. ఫోను పెట్టేముందు "వచ్చేసారి ఆ సంగతి ఏమైందో చెప్పాలి" అన్న కొస ఒకటి వదిలితే తర్వాతి ఫోను తేలిక.

వీడియో అయితే ఎనిమిది మందికి మించొద్దు. వాట్సాప్ 32 మందిని పట్టనిస్తుంది, జూమ్, గూగుల్ మీట్ ఉచితంగానే 100 మందిని పట్టనిస్తాయి. పట్టడం వేరు, మాట్లాడటం వేరు. ఉచిత జూమ్ 40 నిమిషాలకు తెగిపోతుంది, మీట్‌లో ముగ్గురు దాటితే 60 నిమిషాలు. ఆ తెగిపోవడాన్ని వరంగా తీసుకోండి, లేచి వెళ్లలేక కూర్చునే బాధ తప్పుతుంది. వినికిడి తగ్గినవాళ్లు ఉంటే వెలుగు ముఖం మీద పడేలా కూర్చోమనండి, కిటికీ వెనకుంటే ముఖం నల్లబడి పెదవుల కదలిక కనిపించదు. మాట్లాడనివాళ్లు మైకు ఆపాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లకు రెండు మాటలూ పోతాయి.

టైము గురించి: "నెలలో రెండో శనివారం" అని ఒకే రోజు పెట్టండి, ప్రతిసారీ అడిగి తేల్చడం మొదలుపెడితే మూడో నెలకు ఆగిపోతుంది. ఏ దేశపు గడియారం ప్రమాణమో కూడా చెప్పండి. అమెరికాలో ఎక్కువచోట్ల మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరిగి నవంబరు మొదటి ఆదివారం వెనక్కి వస్తుంది. ఐరోపాలో అది మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. ఆస్ట్రేలియా ఆగ్నేయ రాష్ట్రాల్లో తిరగబడి, అక్టోబరు మొదటి ఆదివారం ముందుకు, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి. గడియారాలు మారాక వచ్చే మొదటి శనివారానికి ఎవరో ఒకరు గంట ముందో వెనకో వచ్చి ఖాళీ తెర చూసి వెళ్లిపోతారు. అప్పుడు ముందురోజు గుర్తుచేయండి.

స్మార్ట్‌ఫోను లేనివాళ్లకు ఒక్కో మనిషిని అప్పజెప్పండి. నెలకోసారి మామూలు ఫోను చేసి, కబురు గ్రూపులో వచ్చినవి పది నిమిషాల్లో చదివి వినిపించాలి. ఉత్తరమైతే అక్షరం 16 పాయింట్లకు తగ్గకుండా అచ్చు తీయండి, తెలుగులో వత్తులు చిన్న సైజులో అలుక్కుపోతాయి.

వెనకబెంచీ:

ఎనిమిది మంది చుట్టు కాగితం మీద వేసి చూశాను, లెక్క కుదిరింది. డబ్బు విషయం ఎవరూ ఎత్తలేదు. ఒకరి వైద్యానికి చందాలు అడిగినప్పటి నుంచే చాలామంది మాట్లాడటం మానేశారని అనుమానం. పోయినవాళ్ల నంబర్లు గ్రూపులో అలాగే ఉంచాలా, తీసేయాలా అన్నదీ తేల్చండి.

చిల్లరలెక్క:

అనుమానం కాదు, అదే కారణం అయ్యుండొచ్చు. చందా ఇచ్చినవాళ్ల పేరు, మొత్తం గ్రూపులో పెట్టారా? అలా పెడితే ఇవ్వలేనివాళ్లు, తక్కువ ఇచ్చినవాళ్లు సిగ్గుపడి తప్పుకుంటారు. ఎవరు ఎంత ఇచ్చారో లెక్క చూసేవాళ్లు ఇద్దరికే తెలియాలి. గ్రూపులో "ఇంత పోగైంది, ఫలానా రోజు అందింది" అని ఒక్క మాట చాలు. అడగడం కూడా ఒక్కసారే, గుర్తుచేయడాలు వద్దు.

కలుసుకునే ఖర్చు, సాయం నిధి ఎప్పుడూ కలపకండి. కలిసిన ఖర్చు లెక్క రసీదుల ఫోటోలతో సహా పదిహేను రోజుల్లో ముగించండి, మిగిలింది తిరిగి ఇచ్చేయండి. "వచ్చేసారికి ఉంచుదాం" అన్న చిల్లర దగ్గరే గొడవలు పుడతాయి. శాశ్వత నిధి కావాలంటే ఒకరి సొంత ఖాతాలో పెట్టొద్దు. ఆ మనిషి పోతే ఆ సొమ్ము వారసుల చేతికి పోతుంది, మీది అని నిరూపించుకోవడం కష్టం. సంఘంగా నమోదు చేసి ఇద్దరి సంతకంతో నడిచే ఖాతా తెరవాలి. అంత ఓపిక లేకపోతే నిధే వద్దు, అవసరం వచ్చినప్పుడు నేరుగా ఆ కుటుంబానికే పంపుకోండి.

క్లాస్‌మేట్ నంబరు నుంచి "అర్జెంటు, డబ్బు పంపు" అని వస్తే మామూలు ఫోను చేసి మాట్లాడేదాకా పంపొద్దు. గొంతును కూడా అనుకరించే సాధనాలు వచ్చేశాయి కాబట్టి స్కూలు ప్రశ్న ఒకటి అడగండి, గ్రూపులో ఎప్పుడూ చర్చకు రానిది. వాట్సాప్ ఖాతాలు పోయేది ఎక్కువగా ఫోనుకు వచ్చే ఆరంకెల కోడ్ ఎవరికో చెప్పేయడం వల్లే. రెండంచెల ధ్రువీకరణ పిన్ (ఆ కోడ్‌తో పాటు అడిగే, మనమే పెట్టుకునే రహస్య అంకెలు) అందరి చేతా పెట్టించండి. కలిసినప్పుడు ఒక్కొక్కరి ఫోను తీసుకుని పెట్టిస్తే తలా రెండు నిమిషాల పని.

హాజరుపట్టీ:

పోయినవాళ్ల నంబరు తీసేయాలి, కానీ వెంటనే కాదు. ముందు వార్త నిర్ధారించుకోండి. ఇంట్లోవాళ్లతో ఒకరు నేరుగా మాట్లాడేదాకా గ్రూపులో ఒక్క నమస్కారం బొమ్మ కూడా పడకూడదు. ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటే ఎంత పొరపాటు జరుగుతుందో ఊహించండి. తర్వాత నెలో రెండు నెలలో ఆగి, ఇంట్లోవాళ్లకు చెప్పి తీయండి. సిమ్ వాడకంలో లేకపోతే కంపెనీ ఆ నంబరును కొంతకాలానికి ఇంకెవరికో ఇచ్చేస్తుంది. వాట్సాప్ ఖాతా కూడా సాధారణంగా 120 రోజులు వాడకపోతే రద్దవుతుంది. భార్యో భర్తో కబురు గ్రూపులో ఉంటామంటే వాళ్ల సొంత నంబరుతో చేర్చండి. కొందరికి అది ఊరట, కొందరికి భారం, అందుకే అడగాలి. పుట్టినరోజుల వరుసలోంచి పేరు తీసి, షీట్‌లో మాత్రం ఉంచండి. ఏడాది నిండిన రోజున ఫోను చేయాల్సిన మనిషి పేరు పక్కన రాయండి.

జబ్బు చేసినప్పుడు యాభై ఫోన్లు ఆ ఇంటికి పోకుండా ఒక్కరే మాట్లాడి అందరికీ చెప్పే పద్ధతి పెట్టుకోండి.

పాత ఫోటోలు కూడా ఇప్పుడే సర్దుకోండి, గుర్తుపట్టేవాళ్లు తగ్గుతూ ఉంటారు. అరచేతి సైజు ఫోటోను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల వివరంతో) స్కాన్ చేయండి. గ్రూపు ఫోటో కింద వరుసల వారీగా, ఎడమ నుంచి కుడికి పేర్లు రాయండి, తెలియని చోట ప్రశ్నార్థకం. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపండి. ఒక్కరి గూగుల్ ఖాతాలోనే దాచొద్దు. రెండేళ్లు వాడని ఖాతాను అందులో ఉన్నవాటితో సహా గూగుల్ తొలగించవచ్చు. ఇద్దరి ఖాతాల్లో, ఒక హార్డ్ డిస్కులో ఉంచండి.

ఆబ్సెంట్:

ఒక్క మాట అడ్డొస్తాను. 27 మందినీ పట్టుకు రావాల్సిందే అని బయల్దేరకండి. స్కూలు అందరికీ తీపి కాదు. ఏడిపించినవాళ్లూ ఏడ్చినవాళ్లూ ఒకే గ్రూపులో ఉంటారు, ఏడిపించినవాళ్లకు అది గుర్తు కూడా ఉండదు. పాత మారుపేర్లతో పిలవడం దగ్గరే కొందరు తలుపు మూసేస్తారు. మొదటి ఫోనులో అసలు పేరుతోనే పిలవండి, మారుపేరు వాళ్ల నోటి నుంచి వస్తే అప్పుడు మీ ఇష్టం.

రాబిన్ డన్‌బార్ అనే పరిశోధకుడి లెక్కలో మనిషి నిలుపుకోగల పరిచయాలు 150 దాకా, అందులో బాగా దగ్గరివాళ్లు అయిదుగురు. ఆ సంఖ్యల మీద వాదనలున్నాయి గానీ, అరవై దాటినవాళ్ల జీవితంలో ఆ చోట్లు చాలావరకు నిండిపోయి ఉంటాయన్నది ఎవరైనా ఒప్పుకుంటారు. ఏడాదికో ఫోను చాలనుకునేవాళ్లను అక్కడే ఉండనివ్వండి.

"వద్దు" అన్నవాళ్ల పేరు పక్కన షీట్‌లో 'వద్దన్నారు' అని, తేదీ వేసి రాయండి. లేకపోతే రెండేళ్లకోసారి కొత్త ఉత్సాహవంతుడు ఒకడు బయల్దేరి "నిన్ను కనిపెట్టేశానోచ్" అంటూ మళ్లీ అదే మనిషికి ఫోను చేస్తాడు. తేదీ ఎందుకంటే, వాళ్లే మనసు మార్చుకుని తిరిగొస్తే ఆ మాట కొట్టేసి కొత్త తేదీ వేసుకోవచ్చు.